గెలవాల్సిన ఆటలు ఓడుతుంటే: నెబ్రాస్కా ఫుట్‌బాల్ అభిమానుల ఓపిక ఎందుకు తెగింది

సంక్షిప్తంగా

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒకప్పుడు తిరుగులేని జట్టుగా వెలిగిన నెబ్రాస్కా విశ్వవిద్యాలయం 2017 నుంచి 2023 వరకు వరుసగా ఏడు సీజన్లలో గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ చవిచూసింది. కొత్త కోచ్ వచ్చిన ప్రతిసారీ జట్టును మళ్లీ కడుతున్నామని, కొంతకాలం ఓపిక పట్టాలని అభిమానులకు చెప్పారు. వారి అసహనాన్ని కేవలం తొందరపాటుగా చూడటం సరికాదు. కొద్దిపాటి తేడాతో ఓడటం ఏళ్ల తరబడి సాగింది. అవే తప్పులు తిరిగి జరిగాయి. నిబంధనలు మారాక పక్క జట్లు ఏడాదిలోనే లేచి నిలబడ్డాయి. ఈ మూడూ కలిసి ‘పునర్నిర్మాణం’ అనే మాటకు ఉన్న విలువను తగ్గించాయి.

20 లక్షల జనాభా, 85 వేల సీట్లు

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే సాకర్ కాదు. రెండు కొసలూ మొనదేలిన బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని పరుగెత్తుతూ ఎదుటి జట్టు గీత దాటించే అమెరికన్ ఆట. గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు. ఆ వెంటనే దొరికే అదనపు అవకాశంలో ఒకటి లేదా రెండు పాయింట్లు. దూరం నుంచి బంతిని కమ్మీల మధ్యగా తన్నితే ఫీల్డ్ గోల్, దానికి మూడు. అంటే ఎనిమిది పాయింట్లు, అంతకన్నా తక్కువ తేడా ఉన్న ఆట బంతి ఒక్కసారి చేతికి చిక్కితే తారుమారైపోతుంది. అలాంటి మ్యాచ్‌ను అక్కడ ‘వన్ స్కోర్ గేమ్’ అంటారు. నెబ్రాస్కా కథంతా ఈ ఎనిమిది పాయింట్ల లోపలే నడిచింది.

నెబ్రాస్కా రాష్ట్ర జనాభా దాదాపు 20 లక్షలు, అంటే 2022లో పునర్విభజన జరిగాక ఆంధ్రప్రదేశ్‌లో ఒక సగటు జిల్లాలో ఉన్నంత. ఆ రాష్ట్రంలో వృత్తి ఫుట్‌బాల్ జట్టు లేదు, బాస్కెట్‌బాల్‌లోనూ బేస్‌బాల్‌లోనూ అగ్రశ్రేణి జట్టు లేదు. పశ్చిమాన పశువుల పెంపకంతో బతికే పల్లెల నుంచి తూర్పున ఒమాహా నగరం దాకా అందరూ తమదని చెప్పుకునే జట్టు ఒక్కటే, అది లింకన్ నగరంలోని విశ్వవిద్యాలయం జట్టు. 1923లో తెరిచిన మెమోరియల్ స్టేడియంలో సుమారు 85 వేల మంది కూర్చోగలరు. మ్యాచ్ ఉన్న శనివారం ఆ స్టేడియం ఒమాహా, లింకన్‌ల తరువాత రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు అవుతుందని అక్కడి వారు అంటుంటారు. జనాభా లెక్కలు చూస్తే అది అతిశయోక్తి కాదు.

1962 నవంబర్ 3 నుంచి అక్కడ జరిగిన ప్రతి మ్యాచ్‌కూ టికెట్లు పూర్తిగా అమ్ముడవుతూ వస్తున్నాయి. కోవిడ్ కారణంగా ప్రేక్షకులను అనుమతించని 2020ని మినహాయిస్తే ఈ వరుస తెగలేదు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇది రికార్డు. కాలేజీ ఫుట్‌బాల్‌లోకెల్లా గొప్ప అభిమానులు ఈ గుమ్మం గుండా నడుస్తారని స్టేడియం ద్వారాల మీద రాసి ఉంటుంది. ఆట ముగిశాక ఎదుటి జట్టు, అది గెలిచిన జట్టయినా సరే, మైదానం వీడుతుంటే చప్పట్లు కొట్టి పంపడం అక్కడి ఆనవాయితీ. నెబ్రాస్కా తొలి స్కోరు చేయగానే వేల కొద్దీ ఎర్ర బెలూన్లు ఒక్కసారిగా ఆకాశంలోకి వదలడం మరో ఆనవాయితీ. హీలియం కొరత వల్ల 2022లో దాన్ని ఆపవలసి వచ్చింది. ఉన్నత చదువులకు అమెరికా వెళ్లిన తెలుగు విద్యార్థులకు శనివారం నాడు ఊరు ఊరంతా ఒకే రంగు చొక్కాల్లో కనిపించడం కొత్తగా ఉంటుంది. నెబ్రాస్కాలో ఆ రంగు ఎరుపు, అది క్యాంపస్ దాటి రాష్ట్రమంతా పరుచుకుని ఉంటుంది.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. పెద్ద నగరాల్లో ఒక జట్టు నీరసిస్తే అభిమాని మరో ఆటవైపు, మరో జట్టువైపు మళ్లగలడు. నెబ్రాస్కా అభిమానికి ఆ దారి లేదు. జట్టును వదిలిపోలేని చోట మిగిలేది నోరు తెరిచి అడగడం ఒక్కటే. అందుకే అక్కడ వినిపించే నిరసనలో వెళ్లిపోతామన్న బెదిరింపు కన్నా ఇంటి మనిషి మీద ఉండే కోపమే ఎక్కువ.

ఇద్దరు కోచ్‌లు 36 ఏళ్లు, ఐదుగురు 20 ఏళ్లు

1961లో పది మ్యాచ్‌లలో మూడే గెలిచిన జట్టును బాబ్ డెవానీ 1962లో చేపట్టి తొలి ఏడాదే 9-2 ఫలితం సాధించాడు (అమెరికాలో ముందు గెలుపులు, తరువాత ఓటములు రాస్తారు). 1970, 1971లలో జాతీయ టైటిళ్లు వచ్చాయి. 1973లో బాధ్యత తీసుకున్న టామ్ ఆస్‌బర్న్ 25 సీజన్లలో 255 గెలిచి 49 ఓడాడు, మూడు డ్రా అయ్యాయి. ఒక్క సీజన్‌లో కూడా తొమ్మిదికి తక్కువ గెలుపులు లేవు. 1994, 1995, 1997లలో జాతీయ టైటిళ్లు గెలిచి ఆయన తప్పుకున్నాడు. 1962 నుంచి 1997 దాకా 36 ఏళ్లకు ఇద్దరే కోచ్‌లు.

ఆస్‌బర్న్ వారసుడు ఫ్రాంక్ సోలిచ్ 58 గెలిచి 19 ఓడాడు. 2003లో తొమ్మిది గెలుపులు సాధించిన రెగ్యులర్ సీజన్ ముగియగానే ఆయనను తొలగించారు. అక్కడి నుంచి బిల్ కాలహన్, బో పెలీనీ, మైక్ రైలీ, స్కాట్ ఫ్రాస్ట్, మాట్ రూల్ వరుసగా వచ్చారు. 2004–2023 మధ్య 20 సీజన్లకు ఐదుగురు. పెలీనీ ఏ సీజన్‌లోనూ తొమ్మిదికి తగ్గకుండా గెలిచినా 2014లో ఉద్యోగం పోయింది. తొమ్మిది గెలుపులు చాలవని రెండుసార్లు తీర్పు చెప్పిన చోట 2017 నుంచి ఏడేళ్ల పాటు ఏ సీజన్‌లోనూ ఏడు గెలుపులు కూడా రాలేదు. నేటి అసహనంలో కొంత భాగం ఆ పాత తీర్పుల మీద పశ్చాత్తాపమే.

కోచ్ మారినప్పుడు అసలు ఏం జరుగుతుందో చూడాలి. ప్రతి కోచ్‌కూ తనదైన ఆట పద్ధతి ఉంటుంది. పరుగు మీద ఆధారపడే పద్ధతికి ఎంచుకున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని దాడిని నడిపించే ఆటగాడు) బంతి విసరడం మీద ఆధారపడే పద్ధతికి నప్పడు. ఒక వ్యూహానికి బరువు పెంచుకున్న లైన్ ఆటగాడు (ముందు వరుసలో ఎదుటివారితో కలబడేవాడు) వేగం కోరే మరో వ్యూహంలో వెనకబడతాడు. విద్యార్థి ఆటగాడికి ఐదేళ్ల గడువులో నాలుగు సీజన్లు ఆడే అర్హత ఉండేది కాబట్టి, ఒక కోచ్ తన పద్ధతికి తగిన జట్టును పూర్తిగా తయారు చేసుకోవడానికి నాలుగేళ్లు పడుతుందన్నది పాతకాలపు లెక్క. నెబ్రాస్కాలో సగటున ప్రతి నాలుగేళ్లకు కోచ్ మారాడు. అంటే గోడలు లేచే వేళకు పునాది మళ్లీ తవ్వారు.

వేరే కారణాలూ ఉన్నాయి. ఒకప్పుడు జట్లు వంద మందికి పైగా ఆటగాళ్లకు స్కాలర్‌షిప్ ఇచ్చేవి. 1990ల మధ్యకు ఆ పరిమితి 85కు దిగింది. పెద్ద జట్లు ఆటగాళ్లను పోగేసి బెంచీ మీద కూర్చోబెట్టే వీలు పోయి ప్రతిభ పదిచోట్లకు పంచుకుపోయింది. 2011లో జట్టు బిగ్ 12 నుంచి బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌కు (ఎక్కువగా తమలో తామే ఆడుకునే విశ్వవిద్యాలయ జట్ల కూటమి) మారడంతో టెక్సస్‌లో ఏటా ఆడే మ్యాచ్‌లు పోయాయి. వాటితో పాటు ఆ రాష్ట్రపు కుర్రాళ్లను ఆకర్షించే వీలూ తగ్గింది. సొంత రాష్ట్రంలో జనం తక్కువ కనుక పైస్థాయి కుర్రాళ్లూ తక్కువే. ఇవన్నీ నిజమే గానీ, ఇవి 2021 సీజన్‌ను వివరించలేవు.

2021: పాయింట్లలో ముందు, గెలుపుల్లో అడుగున

2018లో స్కాట్ ఫ్రాస్ట్ వచ్చినప్పుడు రాష్ట్రమంతా పండుగ చేసుకుంది. నెబ్రాస్కాలో పుట్టినవాడు, 1997 టైటిల్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్, 2015లో పన్నెండుకు పన్నెండూ ఓడిన సెంట్రల్ ఫ్లోరిడాను రెండేళ్లలో 13-0కి తెచ్చిన కోచ్. ఏడేళ్లకు 3.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. మొదటి ఏడాది 4-8, రెండో ఏడాది 5-7, కోవిడ్ ఏడాది 3-5. నాలుగో సీజన్ 2021. పాత లెక్క ప్రకారం ఫలితం కనపడాల్సిన ఏడాది అది.

ఆ ఏడాది నెబ్రాస్కా 335 పాయింట్లు చేసి 272 ఇచ్చింది. మొత్తం మీద 63 పాయింట్లు మిగులు. అయినా 3 గెలిచి 9 ఓడింది. ఓడిన తొమ్మిది మ్యాచ్‌లలో తేడాలు వరుసగా 8, 7, 3, 3, 7, 5, 9, 7, 7. తొమ్మిది ఓటములకూ కలిపి 56 పాయింట్లు. ఒక్క ఓటమి కూడా రెండంకెల తేడాతో లేదు. గెలిచిన మూడు మ్యాచ్‌లలో మాత్రం తేడా 45, 25, 49. గెలిస్తే భారీగా, ఓడితే వెంట్రుకవాసిలో.

ఆ ఓటములను దగ్గరి నుంచి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. ఇల్లినాయ్ మీద ఒక ఆటగాడు తన గీత దగ్గర పడుతున్న బంతిని వదిలేయకుండా పట్టుకుని ఎదుటి జట్టుకు రెండు పాయింట్లు అప్పగించాడు. ఓక్లహోమా మీద అదనపు పాయింట్ కిక్‌ను అడ్డుకున్న ప్రత్యర్థులు ఆ బంతితో మైదానం కొసదాకా పరుగెత్తి రెండు పాయింట్లు పట్టుకుపోయారు. అయోవా మీద ఒక దశలో 21-6 ఆధిక్యం దక్కింది. నాలుగో క్వార్టర్‌లో నెబ్రాస్కా పంట్‌ను (బంతిని ఎదుటి జట్టుకు వదులుకుంటూ దూరంగా తన్నే కిక్) ప్రత్యర్థులు అడ్డుకుని టచ్‌డౌన్ చేశారు. చివరికి 28-21తో అయోవా గెలిచింది. వీటిలో బాగా కలచివేసింది మిషిగన్ స్టేట్ మ్యాచ్. నాలుగు నిమిషాల లోపు ఆట ఉంది, 20-13తో నెబ్రాస్కాదే పైచేయి, రెండో అర్ధభాగంలో ఎదుటి జట్టు దాదాపు కదలలేకపోయింది. బంతిని దూరంగా తన్ని కాపుకాస్తే చాలు. బంతి అందుకునేవాడిని ఆపాల్సిన కవరేజీ ఆటగాళ్లు ఒక వైపు పరుగెత్తారు, పంట్ మరో వైపు పడింది. ఎవరూ లేని ఆ దారిలో బంతి అందుకున్నవాడు 62 గజాలు పరుగెత్తి స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో నెబ్రాస్కా 23-20తో ఓడింది.

ఈ నాలుగింటిలోనూ దెబ్బ పడింది కిక్‌లు, పంట్‌లు చూసుకునే ‘స్పెషల్ టీమ్స్’ విభాగంలోనే. ఆ పని కోసమే ఒక కోచ్‌ను ప్రత్యేకంగా తెచ్చుకున్నది ఆ సీజన్ ముగిశాక. అభిమానుల కోపం ప్రతిభ లేదనే దాని మీద కాదు. నెలల తరబడి కళ్ల ముందే కారుతున్న చిల్లును పూడ్చలేదనే దాని మీద.

అదృష్టమా, లోపమా

గణాంక నిపుణులు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది. కొద్ది తేడాతో ముగిసే మ్యాచ్‌ల ఫలితం చాలావరకు అదృష్టం మీద ఆధారపడుతుంది. ఒక ఏడాది వాటిలో ఎక్కువగా ఓడిన జట్టు మరుసటి ఏడాది సగం సగానికి దగ్గరగా వస్తుంది. ఈ లెక్కన 2021 తరువాత నెబ్రాస్కా దానంతట అదే మెరుగుపడాలి. 2022 సీజన్‌కు ముందు వినిపించిన ఆశావాదానికి ఆధారం ఇదే.

కానీ ఫ్రాస్ట్ కాలమంతా కలిపి చూస్తే ఎనిమిది పాయింట్ల లోపు తేడాతో ముగిసిన 27 మ్యాచ్‌లలో జట్టు 5 గెలిచి 22 ఓడింది. ఒక నాణేన్ని 27 సార్లు ఎగరేస్తే ఐదు, అంతకన్నా తక్కువ బొమ్మలు పడే అవకాశం సుమారు 1,300లో ఒకటి. ఆ మ్యాచ్‌లలో కొన్నింటిలో ఎదుటి జట్టు బలమైనది కాబట్టి నాణెం పోలిక పూర్తిగా సరిపోదు. ఆ మేరకు తగ్గించుకున్నా ఇది కేవలం దురదృష్టమని కొట్టిపారేయడం కష్టం. ఒక సీజన్ చూసి అదృష్టం అనుకోవచ్చు. ఐదు సీజన్లు అదే జరిగితే అందులో అలవాటు ఉంది, ఒత్తిడిలో తీసుకునే నిర్ణయాల లోపం ఉంది. గణాంక సూత్రం తెలియకుండానే స్టేడియంలో కూర్చున్న సామాన్య ప్రేక్షకుడు ఈ నిర్ధారణకు ముందే వచ్చాడు.

2022 ఆగస్టు 27న డబ్లిన్‌లో జరిగిన తొలి మ్యాచ్ దానికి రుజువుగా నిలిచింది. నార్త్‌వెస్టర్న్ మీద మూడో క్వార్టర్‌లో 28-17 ఆధిక్యం రాగానే ఫ్రాస్ట్ ఆన్‌సైడ్ కిక్‌కు పూనుకున్నాడు. వెనకబడిన జట్టు చివరి నిమిషాల్లో గత్యంతరం లేక బంతిని దగ్గరలోనే తన్ని తిరిగి దక్కించుకోవాలని చేసే సాహసం అది. బంతి నార్త్‌వెస్టర్న్‌కు చిక్కింది, వెంటనే టచ్‌డౌన్ చేసింది, 31-28తో గెలిచింది.

అయోవాతో ఏటా థాంక్స్‌గివింగ్ మరునాడు జరిగే మ్యాచ్ ఇంకో రుజువు. 2018లో 31-28, 2019లో 27-24, 2023లో 13-10, 2024లో మళ్లీ 13-10. నాలుగూ మూడు పాయింట్ల ఓటములు. నాలుగింటిలోనూ ఆఖరి క్షణాల్లో అయోవా కొట్టిన ఫీల్డ్ గోలే తేల్చింది. వీటిలో 2023 ఓటమి మరీ నొప్పించేది. ఆరు గెలుపులుంటే సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌కు అర్హత వస్తుంది. ఆ సీజన్‌లో 5-3తో నిలిచిన జట్టు మిగిలిన నాలుగూ 3, 3, 7, 3 పాయింట్ల తేడాతో ఓడింది. ఏడాది మొత్తంలో 31 సార్లు బంతిని ఎదుటివారికి చేజార్చుకుంది. తాను లాక్కున్నవి తీసేస్తే లోటు 17. చేతిదాకా వచ్చిన ముద్ద నాలుగు వారాలు వరుసగా నోటికందలేదు.

ఇలాంటి ఓటమి ఎందుకంత నొప్పిస్తుందో అర్థం చేసుకోవడానికి 2011లో డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్ ప్రచురించిన పరిశోధన ఒకటి ఉపకరిస్తుంది. వృత్తి ఫుట్‌బాల్ మ్యాచ్‌ల ఫలితాలనూ, ఆయా ప్రాంతాల పోలీసు రికార్డులనూ వారు పోల్చి చూశారు. గెలుస్తుందని అంచనా ఉన్న సొంత జట్టు ఓడినప్పుడు ఇళ్లలో స్త్రీలపై మగవారి హింస దాదాపు 10 శాతం పెరిగింది. ఓడుతుందనుకున్న జట్టు ఓడినప్పుడు అలాంటి పెరుగుదల కనిపించలేదు. విషయం చాలా తీవ్రమైనది, నెబ్రాస్కాకు నేరుగా వర్తింపజేయవలసినదీ కాదు. అది తేల్చిన సూత్రం మాత్రం ఇక్కడ పనికొస్తుంది: బాధను కొలిచేది స్కోరు కాదు, స్కోరుకూ అంచనాకూ మధ్య ఉన్న దూరం. నాలుగో క్వార్టర్ దాకా ఆధిక్యంలో ఉండి ఓడే జట్టు ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ అంచనాను తానే పెంచి సాయంత్రానికి తానే కూలుస్తుంది.

ఓపికకు ఉన్న గడువు మారింది

ఈ పదేళ్లలో ఆట నిబంధనలు మారాయి. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది. విశ్వవిద్యాలయం మారాలనుకునే ఆటగాడి పేరు అందులో చేరితే మిగతా కోచ్‌లంతా అతడిని సంప్రదించవచ్చు. 2021లో ఒకసారి మారిన ఆటగాడు ఏడాది ఖాళీగా కూర్చోకుండా వెంటనే ఆడే వీలు కల్పించారు, 2024లో ఎన్నిసార్లు మారినా ఆడవచ్చన్నారు. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం, గుర్తింపుల మీద డబ్బు సంపాదించుకోవచ్చు. దీన్నే ఎన్‌ఐఎల్ అంటారు. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే తమ ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు. అందరికీ కలిపి తొలి ఏడాది పరిమితి 2.05 కోట్ల డాలర్లు.

వేలం పద్ధతి తెలిసిన క్రికెట్ ప్రేక్షకులకు దీని ప్రభావం ఊహించడం కష్టం కాదు. 2023 ఐపీఎల్‌లో పది జట్లలో అట్టడుగున నిలిచిన సన్‌రైజర్స్ హైదరాబాద్ మరుసటి ఏడాది ఫైనల్ ఆడింది. మధ్యలో జరిగింది ఒక వేలం, కెప్టెన్సీ మార్పు. కాలేజీ ఫుట్‌బాల్‌లో వేలం లేదు గానీ పోర్టల్, డబ్బు కలిసి దాదాపు అదే పని చేస్తున్నాయి. ఇండియానా విశ్వవిద్యాలయం 2023లో 3-9. కొత్త కోచ్ కర్ట్ సిగ్నెట్టీ తన పాత జట్టు జేమ్స్ మాడిసన్ నుంచి పదిమందికి పైగా ఆటగాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. 2024లో ఇండియానా 11-2తో జాతీయ ప్లేఆఫ్‌లో అడుగుపెట్టింది. ఆ సీజన్‌లో అక్టోబర్ 19న అది ఓడించిన జట్లలో నెబ్రాస్కా ఒకటి, స్కోరు 56-7. కొలరాడో 2022లో 1-11, రెండేళ్లకు 9-4.

ఇక్కడే కోచ్ చెప్పే గడువుకూ, అభిమాని లెక్కకూ పొంతన తప్పుతుంది. నాలుగేళ్లు పడుతుందనే మాట ఆటగాళ్లు నాలుగేళ్లు కదలకుండా ఉండే రోజుల్లో పుట్టింది. ఇప్పుడు ఓపికగా తయారు చేసుకున్న రెండో ఏటి ఆటగాడే పోర్టల్ ద్వారా వెళ్లిపోవచ్చు. ఎదురుచూపు ఫలిస్తుందన్న భరోసా తగ్గింది, పక్కింట్లో ఏడాదిలో అయిన పని కళ్లెదురుగా కనిపిస్తోంది. అయితే ఇండియానా ఉదాహరణను అందరికీ కొలబద్ద చేయడం సరికాదు. పోర్టల్‌లో దిగిన జట్లన్నీ గెలవలేదు. ఒకరు పైకి లేచినప్పుడల్లా అదే కాన్ఫరెన్స్‌లో మరొకరు కిందికి దిగాల్సిందే. పైగా 2024లో యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, ఒరెగాన్, వాషింగ్టన్ చేరడంతో బిగ్ టెన్ 18 జట్లదైంది, గెలవడం ఇంకా కష్టమైంది. అంత పోటీలో ఏడు గెలుపులు సాధించడం 2015లో ఏడు గెలవడంతో సమానం కాదు. అసహనంలో ఉన్నవారు ఈ తేడాను అంతగా పట్టించుకోవడం లేదు.

అసహనం ఎటు దారి తీస్తుంది

అభిమానుల చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఖాళీ కుర్చీ. నెబ్రాస్కాలో ఆ ఆయుధాన్ని ఎత్తడం కష్టం, ఎందుకంటే 1962 నాటి వరుసను తెంచిన తరంగా మిగిలిపోవాలని ఎవరూ కోరుకోరు. 2021లో ఫోర్డమ్‌తో మ్యాచ్‌కు టికెట్లు మిగిలిపోతుంటే దాతలు వేల సంఖ్యలో కొని పేద పిల్లలకు పంచారు. కుర్చీలు నిండాయి, వరుస నిలిచింది, పిల్లలు ఆట చూశారు, మంచి పనే. కానీ టికెట్ల అమ్మకం అభిమానుల మనసును కొలిచే సాధనంగా అప్పటి నుంచి పనికిరాకుండా పోయింది.

ఆదాయంలో టికెట్ల వాటా మీద ఆధారపడటం కూడా తగ్గుతోంది. 2022 ఆగస్టులో బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా విలువైన ప్రసార ఒప్పందం చేసుకుంది. గెలిచినా ఓడినా ఆ వాటా వస్తుంది. ఇలాంటి చోట సామాన్య ప్రేక్షకుడి గొంతు బలం తగ్గి, పెద్ద మొత్తాలు ఇచ్చే దాతల గొంతు పెరుగుతుంది. కోచ్‌ను సాగనంపడానికి అయ్యే ఖర్చు భరించేదీ, ఎన్‌ఐఎల్ నిధులు సమకూర్చేదీ వారే కాబట్టి.

ఫ్రాస్ట్ తొలగింపు దీనికి చక్కటి ఉదాహరణ. 2021 చివర జీతం 50 లక్షల నుంచి 40 లక్షల డాలర్లకు తగ్గించి, దాడి విభాగంలోని నలుగురు సహాయకులను తప్పించి ఆయనకు మరో అవకాశం ఇచ్చారు. 2022 సెప్టెంబర్ 10న జార్జియా సదరన్ 45-42తో లింకన్‌లోనే నెబ్రాస్కాను ఓడించింది. సొంత గడ్డ మీద 35కు తగ్గకుండా పాయింట్లు చేసిన మ్యాచ్ ఏదీ అంతవరకు ఆ జట్టు ఓడలేదు. మర్నాడే ఆయనను తొలగించారు. అక్టోబర్ 1 దాకా, అంటే 20 రోజులు ఆగి ఉంటే చెల్లించాల్సిన పరిహారం కోటిన్నర డాలర్ల నుంచి 75 లక్షలకు తగ్గేది. ఆ 20 రోజుల ఎదురుచూపు ఖరీదు 75 లక్షల డాలర్ల కన్నా ఎక్కువని యాజమాన్యం తేల్చుకుంది. అభిమానుల అసహనానికి వెల కట్టిన సందర్భం అంతకన్నా స్పష్టంగా మరొకటి దొరకదు.

కోచ్‌ను మార్చడం వల్ల జట్టు బాగుపడుతుందా అన్నది వేరే ప్రశ్న. 1997–2010 మధ్య కాలేజీ జట్లను పరిశీలించిన ఒక అధ్యయనం ప్రకారం, బాగా నీరసించిన జట్లలో కోచ్ మార్పు వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మధ్యస్థంగా ఆడుతున్న జట్లు కోచ్‌ను మార్చి ఇంకా కిందికి దిగాయి. సోలిచ్, పెలీనీల తొలగింపుల తరువాత నెబ్రాస్కాలో జరిగింది రెండో దానికి దగ్గరగా ఉంది.

మూడో ఏడాది లెక్క

2022 నవంబర్‌లో ఎనిమిదేళ్లకు 7.4 కోట్ల డాలర్ల ఒప్పందంతో వచ్చిన మాట్ రూల్‌కు పునర్నిర్మాణంలో పేరుంది. అంతకుముందు టెంపుల్ విశ్వవిద్యాలయంలో మొదటి మూడేళ్ల గెలుపులు 2, 6, 10. బేలర్ విశ్వవిద్యాలయంలో 1, 7, 11. రెండుచోట్లా మొదటి ఏడాది కుదేలు, మూడో ఏడాది పరుగు. అందుకే నెబ్రాస్కా అభిమానులు ఈసారి ఒక తేదీ చూసుకుని ఓపిక పట్టారు: 2025. మొదటి ఏడాది 5. రెండో ఏడాది 2024 నవంబర్ 23న విస్కాన్సిన్‌ను 44-25తో ఓడించి 2016 తరువాత మొదటిసారి బౌల్ అర్హత సాధించినప్పుడు జనం మైదానంలోకి పరుగెత్తుకొచ్చారు. డిసెంబర్ 28న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో బోస్టన్ కాలేజీని 20-15తో ఓడించి 7-6తో ముగించారు. ఐదు పాయింట్ల తేడాతో గెలిచిన ఆ మ్యాచ్ విలువ ఆ ఊరికే తెలుసు.

2025 రెగ్యులర్ సీజన్ 7-5తో ముగిసింది. 5, 7, 7. టెంపుల్, బేలర్‌ల మెట్లు ఇక్కడ పడలేదు. అక్టోబర్ చివర రూల్ ఒప్పందాన్ని 2032 దాకా పొడిగించారు. నవంబర్ మొదట్లోనే క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగి సీజన్‌కు దూరమయ్యాడు.

ఆ సీజన్ స్కోర్లను విడదీసి చూస్తే అంతకుముందు లేని సంగతి ఒకటి బయటపడుతుంది. ఎనిమిది పాయింట్ల లోపు తేడాతో ముగిసిన మ్యాచ్‌లు ఆరు. సిన్సినాటి, మేరీలాండ్, నార్త్‌వెస్టర్న్, యూసీఎల్‌ఏల మీద గెలుపు. మిషిగన్, యూఎస్‌సీల మీద ఓటమి. ఆరింట నాలుగు. ఫ్రాస్ట్ ఐదేళ్లలో గెలిచిన దగ్గరి మ్యాచ్‌లు ఐదైతే, ఇవి ఒక్క ఏడాదిలో నాలుగు. అంటే ఇన్నేళ్లు అభిమానులు వేలెత్తి చూపిన చిల్లు చాలావరకు పూడింది. మిగిలిన మూడు ఓటములు మాత్రం మిన్నసోటా చేతిలో 24-6, పెన్ స్టేట్ చేతిలో 37-10, అయోవా చేతిలో 40-16. ఆఖరి క్షణంలో ఫీల్డ్ గోల్ కొట్టాల్సిన అవసరం ఈసారి అయోవాకు రాలేదు.

దగ్గరి మ్యాచ్‌లు గెలవడం నేర్చుకున్నా గెలుపులు ఏడు దాటలేదు కాబట్టి, లోటు ఇప్పుడు ఆఖరి నిమిషాల్లో లేదు. బంతి కోసం ఎదురెదురుగా కలబడే ముందు వరుసల బలంలో ఉంది. 2021లో అడగాల్సిన ప్రశ్న పంట్ ఎటు తన్నారన్నది. 2026కు వెళ్లేటప్పుడు అడగాల్సింది ఆ ముందు వరుసల్లోకి ఎవరిని తెచ్చారు, ఉన్నవారిలో ఎంతమందిని నిలుపుకున్నారు అన్నది. దానికి జవాబు పోర్టల్ తెరుచుకునే జనవరిలోనే దాదాపుగా తేలిపోతుంది, స్టేడియం ఎరుపెక్కే సెప్టెంబర్ దాకా ఆగనక్కరలేదు.